క్లచ్‌కు వారంటీ రాదన్నారు: 23 వేల కిలోమీటర్లకే జారిన ఒక డీజిల్ కారు కేసు

బండి ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ. 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్. కొని ఏడాదిన్నర దాటింది, మీటరు మీద 23 వేల కిలోమీటర్లు ఉన్నాయి. కంపెనీ వారంటీ మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. యజమాని గుడివాడ వైపు పనిచేసే ప్రభుత్వ టీచరు. రోజూ తనే నడుపుకుంటూ బడికి వెళ్ళి వస్తారు. నాలుగో గేరులోనో ఐదో గేరులోనో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ బండి లాగడం లేదన్నది ఆవిడ ఫిర్యాదు. షోరూం వర్క్‌షాప్ వాళ్ళు చూసి క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు. లేబరుతో కలిపి 30 వేల పైచిలుకు ఎస్టిమేట్ ఇచ్చారు. క్లచ్ అరిగిపోయే వస్తువు కాబట్టి వారంటీలోకి రాదని చెప్పి పంపించారు.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో గ్యారేజీ ఉంది. ఇలా ఎస్టిమేటు చేతిలో పట్టుకుని వచ్చేవాళ్ళు చాలామంది. డబ్బు కట్టేయాలా, పోట్లాడాలా అని అడుగుతారు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. అరిగిపోయే భాగాలకు వారంటీ లేదని పుస్తకంలో ఉన్నది నిజమే. అయితే ఇంత తక్కువ దూరానికే ఆ భాగం ఎందుకు పోయిందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ జవాబు గేర్‌బాక్స్ దించితే తప్ప బయటపడదు. దించిన రోజు ఎవరూ చూడకపోతే పాత ప్లేటుతో పాటే స్క్రాపులోకి పోతుంది.

బండి ఎక్కేముందు యజమానితో మాట్లాడాలి. సగం కేసు అక్కడే తెలుస్తుంది.

"మొదట తేడా ఎప్పుడు అనిపించింది మేడం?" అని అడిగాను.

"ఈ జారడం మొన్నమొన్ననే అండీ. కానీ దానికి చాలా ముందు నుంచే ఫస్ట్ గేరులో కదిలించేటప్పుడు బండి వణికేది. పొద్దున తీసినప్పుడు బానే ఉంటుంది, కాస్త దూరం పోయాక మొదలవుతుంది. రెండో సర్వీసులో చెప్పాను కూడా."

"క్లచ్ పెడల్ పట్టే చోటు ఏమన్నా పైకి వచ్చిందా?"

"లేదండీ, కొన్నప్పటి లాగే ఉంది."

ముందు వణుకు, ఆ తర్వాత చాలా నెలలకు జారడం. ఈ వరుస నాకు ముఖ్యం. మామూలుగా అరిగిన క్లచ్ ముందు వణకదు. ఎత్తు ఎక్కేటప్పుడో, ఫుల్ లోడు మీదో నెమ్మదిగా పట్టు వదలడం మొదలుపెడుతుంది. కదిలేటప్పుడు గడగడ వణుకుతోందంటే ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు ఒకచోట పట్టి ఇంకోచోట జారుతోందని అర్థం. దానికి కారణాలు కొన్నే ఉంటాయి: లైనింగ్ (ప్లేటు మీద పట్టు కోసం ఉండే పొర) మీద నూనె చేరడం, ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ ప్లేటు ఆనుకునే బరువైన చక్రం) ముఖం వంకర పోవడం, ఇంజిన్ మౌంటింగులు చినగడం, ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమే ప్రెషర్ ప్లేటు సమానంగా నొక్కకపోవడం. పెడల్ మారలేదన్న మాట మీద మాత్రం నేను పెద్దగా ఆధారపడలేదు. ఇప్పటి హైడ్రాలిక్ క్లచ్‌లలో అరుగుదల పెడల్ దగ్గర అంతగా తెలియదు, పాత కేబుల్ క్లచ్‌లలో అయితే తెలిసేది.

ఆవిడ ఇంకో సంగతి చెప్పారు. షోరూంలో సర్వీస్ అడ్వైజర్ "తిరుమల వెళ్ళారా?" అని అడిగాడట. ఒకసారి వెళ్ళామన్నారు. వెంటనే ఘాట్ రోడ్డు, హాఫ్ క్లచ్ డ్రైవింగ్ (పెడల్ సగం నొక్కి ఉంచి నడపడం) అని జాబ్ కార్డులో, అంటే ఫిర్యాదూ పనీ రాసుకునే సర్వీసు కాగితంలో, రాసేశాడు. ఈ రాష్ట్రంలో కారు కొన్నవాళ్ళలో తిరుమల వెళ్ళనివాళ్ళు ఎందరుంటారు? ఘాట్ ఒకసారి ఎక్కినందుకు కాలిపోయే క్లచ్ అయితే అసలు తప్పు క్లచ్‌దే అనాలి. తప్పు నడిపేవాళ్ళ మీదకు నెట్టడం మన దగ్గరే పుట్టిన అలవాటు కూడా కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సుల విషయంలో ఇదే జరిగింది. ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లు వణుకుతున్నాయని జనం ఫిర్యాదు చేస్తే, అది మీ డ్రైవింగ్ వల్లేనని కంపెనీ చాలామందికి చెప్పింది. ఆ వణుకు నాణ్యత లోపానికి గుర్తు అని తెలిసి కూడా అలా చెప్పినందుకు 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అవి డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్‌లు, మన కేసు మాన్యువల్. యంత్రం వేరైనా కస్టమరుకు దొరికిన జవాబు ఒకటే కాబట్టి ఆ కేసు ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

ఇక పరీక్షలు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కొద్దిగా రేస్ ఇచ్చి క్లచ్ వదిలితే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఈ బండి ఆగడానికి తటపటాయించింది. ఈ పరీక్ష పదే పదే చేయకూడదు, ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది. తర్వాత స్కానర్ తగిలించి రోడ్డు మీదకు తీసుకెళ్ళాం. నాలుగో గేరులో 60 కిలోమీటర్ల వేగానికి 1,800 ఆర్‌పీఎం దగ్గర ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే ఆర్‌పీఎం 2,500 దాటింది, వేగం మాత్రం 63 దగ్గరే ఉండిపోయింది. గేరు మారకుండా ఇంజిన్ తిరిగే వేగానికీ చక్రాలు తిరిగే వేగానికీ మధ్య లెక్క మారిందంటే మధ్యలో క్లచ్ జారుతున్నట్టే. ఈ రికార్డింగును సేవ్ చేసి ఆవిడ ఫోనుకు పంపాను. పికప్ లేదు అని నోటితో చెబితే ఎవరైనా కొట్టిపారేయొచ్చు. అంకెల గ్రాఫును కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

బండిని లిఫ్టు మీదకు ఎక్కించి కింద నుంచి చూస్తే అసలు విషయం కనిపించింది. ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట, బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపల ఏదైనా కారితే బయటికి తెలియడానికే అది. అక్కడ తడిగా, నల్లగా ఉంది. తెల్ల కాగితం మీద అద్ది చూశాం. ఆ ప్రాంతంలో కారే అవకాశం ఉన్నవి మూడే. గేర్ ఆయిల్ అయితే చిక్కగా, పసుపు రంగులో, గంధకం లాంటి ఘాటు వాసనతో ఉంటుంది. క్లచ్ హైడ్రాలిక్ సిలిండర్ నుంచి బ్రేక్ ఫ్లూయిడ్ కారితే పలచగా ఉంటుంది, పైన రిజర్వాయరులో మట్టం తగ్గుతుంది. డీజిల్ ఇంజిన్ ఆయిల్ కొత్తది పోసిన కొద్దిరోజులకే మసితో నల్లబడుతుంది. కాగితం మీద పడింది నల్లటి మరక, ఘాటు వాసన లేదు. రిజర్వాయరులో మట్టం సరిగ్గా ఉంది. అంటే ఇంజిన్ ఆయిల్. అది క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక, నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ దగ్గర నుంచి వస్తూ ఉండాలి. ఆ సీలుకు ఎదురుగా ఉండేవి ఫ్లైవీలూ క్లచ్ ప్లేటూ.

ఇక్కడ మేం ఆగిపోయాం. గేర్‌బాక్స్ మా దగ్గరే దించితే మధ్యాహ్నానికల్లా రుజువు దొరికేది. కానీ వారంటీలో ఉన్న బండిని బయట విప్పితే, తర్వాత ఏం చూపించినా మీరే పాడుచేశారంటారు. ఫొటోలు తీసి, రాసిచ్చి, బండిని అలాగే షోరూంకు పంపాం.

ఇంకో మాట. బయట గ్యారేజీలో చూపించుకున్నారు కాబట్టి వారంటీ పోయిందని ఆ తర్వాత ఫోనులో ఆవిడను భయపెట్టారు. ఆవిడకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆదేశంలో ఈ విషయం ఉంది. బయటి రిపేరు దగ్గరకు వెళ్ళారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, బయట చేసిన తప్పుడు రిపేరు వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే కాదనవచ్చనీ ఆ ఆదేశం చెప్పింది. కంపెనీలు దాని మీద పై మెట్లు ఎక్కాయి, అది వేరే కథ. ఈ కేసులో మేం ఒక్క బోల్టు కూడా విప్పలేదు కాబట్టి అంత దూరం వెళ్ళాల్సిన పని రాలేదు.

జాబ్ కార్డులు, వారంటీ పుస్తకం

ఆవిడ ప్రతి సర్వీసు కాగితమూ ఫైలులో పెట్టుకున్నారు, టీచరు కదా. రెండో సర్వీసు జాబ్ కార్డులో కస్టమర్ చెప్పిన ఫిర్యాదు అనే గడిలో "కదిలేటప్పుడు వణుకు" అని ఉంది. దాని పక్కన వర్క్‌షాప్ వాళ్ళు "చెక్ చేశాం, ఓకే" అని రాశారు. తిరుమల ప్రయాణం ఆ తేదీ తర్వాత జరిగింది. ఘాట్ రోడ్డు వాదన అక్కడితో కూలిపోయింది. జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఆ గడిలో మన మాట మనం చెప్పినట్టే ఉందో లేదో చూసుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. చాలాసార్లు అడ్వైజరు జనరల్ చెకప్ అని రాసి ఊరుకుంటాడు.

వారంటీ పుస్తకంలో రెండు చోట్లు చూశాం. మినహాయింపుల పేజీలో బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, క్లచ్ ప్లేటు లాంటివి మామూలు వాడకంలో అరిగితే వారంటీ లేదని ఉంది. "మామూలు వాడకంలో" అన్న షరతు అక్కడ స్పష్టంగా ఉంది. కవర్ అయ్యే పేజీలో తయారీ లోపం గానీ మెటీరియల్ లోపం గానీ ఉన్న భాగాన్ని ఉచితంగా బాగుచేస్తామనో మారుస్తామనో ఉంది. ఇంజిన్ ఆయిల్ సీల్ మినహాయింపుల్లో ఎక్కడా లేదు. సీలు లోపం వల్లే ప్లేటు పాడైతే అది మామూలు అరుగుదల ఎలా అవుతుంది? మా వాదన మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబెట్టాం.

డీలరుకు, కంపెనీ కస్టమర్ కేర్‌కు కలిపి ఒకే ఈమెయిల్ పంపించాం. కోపం, బెదిరింపు ఏమీ లేకుండా మూడు విషయాలు అడిగాం. గేర్‌బాక్స్ దించేటప్పుడు యజమాని సమక్షంలో దించాలి, ఫొటోలు తీసుకోనివ్వాలి. క్లచ్ పోవడానికి కారణం ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వాలి. నిర్ణయం తేలేదాకా పాత భాగాలను పారేయకూడదు. డీలరు నుంచి ఒక సమ్మతి పత్రం వచ్చింది: విప్పాక వారంటీ కాదని తేలితే లేబరు ఖర్చు కస్టమరుదేనట. ఇందులో అన్యాయం లేదు, విప్పడానికి గంటల పని పడుతుంది. కాకపోతే సంతకం కింద ఆవిడ చేత ఒక వాక్యం రాయించాను: వారంటీ తిరస్కరిస్తే కారణం రాతలో ఇచ్చిన తర్వాతే చెల్లిస్తాను, నా హక్కులు వదులుకోవడం లేదు.

గేర్‌బాక్స్ దించిన రోజు

ఆ రోజు ఆవిడతో పాటు నేనూ వెళ్ళాను. కంపెనీ తరఫున ఏరియా సర్వీస్ ఇంజినీరు వచ్చాడు. చదువుకున్న కుర్రవాడు, పని తెలిసినవాడు. డీలరు మేస్త్రీ బాక్సు దించి ప్లేటు బయటికి తీశాడు.

ఇంజినీరు మొదట చూపించింది ఫ్లైవీల్ మీద ఉన్న నీలం మచ్చలు. "చూడండి సార్, బాగా కాలింది. ఇది హాఫ్ క్లచ్ మీద నడిపితేనే వస్తుంది" అన్నాడు.

నీలం మచ్చ వేడికి గుర్తు, నేనూ ఒప్పుకుంటాను. కానీ క్లచ్ ఏ కారణంతో జారినా వేడి పుడుతుంది. కాలు వల్ల జారినా, నూనె వల్ల జారినా ఇనుము నీలంగానే మారుతుంది. కాబట్టి మచ్చ ఒక్కటి చూసి కారణం చెప్పలేం. కాలు పెడల్ మీద ఆనించి నడిపే బండిలో లైనింగ్ రెండు వైపులా దాదాపు ఒకేలా తగ్గుతుంది, చివరికి లైనింగ్‌ను ప్లేటుకు బిగించే రివెట్ల తలలు ఫ్లైవీల్‌ను గీస్తాయి. ఇక్కడ ఏముందో కొలిచి చూద్దామన్నాను.

వెర్నియర్‌తో కొలిస్తే లైనింగ్ పైభాగం నుంచి రివెట్ తల దాకా లోతు రెండు వైపులా ఒక మిల్లీమీటరుకు కాస్త పైనే ఉంది. చాలా సర్వీస్ మాన్యువళ్ళు 0.3 మిల్లీమీటర్ల దాకా ప్లేటును వాడుకోనిస్తాయి. అంటే ఈ ప్లేటుకు ఇంకా చాలా ఆయుష్షు మిగిలి ఉంది. అరగలేదు. ఇక రంగు చూస్తే, గేర్‌బాక్స్ వైపు ముఖం గోధుమ రంగులో పొడిగా ఉంది. ఇంజిన్ వైపు ముఖం నల్లగా, జిడ్డుగా, అక్కడక్కడా గాజులా మెరుస్తూ ఉంది. ఫ్లైవీల్ మీద మధ్య నుంచి అంచుల వైపుకు సూర్యకిరణాల్లా నూనె చారలు ఉన్నాయి. తిరిగే చక్రం మధ్యలో నూనె పడితే అది బయటికి చిమ్ముతుంది కాబట్టి ఆ చారలే అది ఎక్కడి నుంచి బయల్దేరిందో చెబుతాయి.

మేస్త్రీ అక్కడితో ఆపేసి కొత్త సెట్ వేద్దామన్నాడు. ఫ్లైవీల్ కూడా విప్పాలని నేను పట్టుబట్టాను. సీలును కళ్ళతో చూడకపోతే, నూనె ఎక్కడి నుంచో వచ్చి ఉండవచ్చని రేపు రిపోర్టులో రాస్తారు. పైగా కొన్ని ఇంజిన్లలో ఫ్లైవీల్ బోల్టుల రంధ్రాలు లోపల ఆయిల్ ఉన్న చోటు దాకా వెళతాయి. బోల్టులకు సీలెంట్ సరిగ్గా పెట్టకపోయినా ఇలాగే కారుతుంది. అప్పుడు సీలు ఒక్కటే మార్చి మూసేస్తే కొత్త ప్లేటు కూడా తడుస్తుంది. ఇంజినీరు ఈ మాటకు ఒప్పుకున్నాడు, విప్పించాడు. అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

బోల్టులు పొడిగా ఉన్నాయి. సీలు అంచు ఒకచోట లోపలికి మడతపడి ఉంది. ఫ్యాక్టరీలో షాఫ్ట్ మీదకు ఎక్కించేటప్పుడు ఆ అంచు తిరగబడితే ఇలా అవుతుంది. మొదట చెమ్మ పట్టినంతే కారుతుంది, వేడెక్కి పలచబడిన నూనె ఇంకాస్త ఎక్కువగా వస్తుంది. పొద్దున బాగుండి కాస్త దూరం పోయాక వణుకు మొదలవడానికి కారణం అదే. కారింది కొద్దికొద్దిగానే కాబట్టి డిప్‌స్టిక్ మీద కొట్టొచ్చినట్టు తెలియలేదు.

వెళ్ళబోయే ముందు బ్రీదర్ పైపు కూడా చూడమన్నాను. ఇంజిన్ లోపల పుట్టే ఒత్తిడి బయటికి పోయే దారి మూసుకుపోతే మంచి సీలు కూడా కారుతుంది. పైపు శుభ్రంగానే ఉంది. అది కూడా రిపోర్టులో రాయించాం, రేపు ఎవరూ ఆ దారిన వాదన తీసుకురాకుండా.

కంపెనీ నుంచి మొదట వచ్చిన జవాబు: సీలు వారంటీలో ఉచితం, క్లచ్ సెట్‌కు గుడ్‌విల్ కింద సగం ధర తగ్గిస్తాం. ఆవిడ ఒప్పుకుందామనే అనుకున్నారు. బండి లేక బడికి బస్సుల్లో తిరుగుతున్నారు, విసిగిపోయారు. వద్దని నేను చెప్పలేను, డబ్బూ ఓపికా ఆవిడవి. నా అభిప్రాయం మాత్రం చెప్పాను. గుడ్‌విల్ అంటే కంపెనీ దయతో ఇచ్చేది, అందులో లోపాన్ని ఒప్పుకోవడం ఉండదు. రేపు అదే సీలు మళ్ళీ కారితే మళ్ళీ మొదటి నుంచి బతిమాలుకోవాలి. సీలు లోపం అని వాళ్ళే ఒప్పుకున్నాక, ఆ సీలు నూనెతో తడిసిన ప్లేటుకు సగం ధర మనం ఎందుకు కట్టాలి? ఆవిడ ఆ ఒక్క ప్రశ్ననే ఈమెయిల్‌లో రాసి, కొలతల ఫొటోలు జతచేసి, రాతపూర్వకంగా జవాబు అడిగారు. వారం తిరక్కుండా క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, లేబరు అన్నీ వారంటీ కిందే చేస్తామని ఆమోదం వచ్చింది. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ ఖర్చు ఆవిడే పెట్టుకున్నారు. బండి ఆగిన రోజులకు ఏమీ ఇవ్వలేదు. ఫ్లైవీల్ ముఖం సాపు చేయించి అదే వాడారు. కొలతల్లో హద్దులోనే ఉంది కాబట్టి దానికి నేను అభ్యంతరం చెప్పలేదు.

డీలరు మాట నిజమైన కేసులూ ఉంటాయి, అవి దాచకూడదు. ఇదే ఏడాది ఇంకొకరు 30 వేల కిలోమీటర్ల పెట్రోల్ కారుతో వచ్చారు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ నడుపుతారు. ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు కాకుండా క్లచ్, యాక్సిలరేటర్ల మీదే బండిని నిలబెట్టే అలవాటు. లైనింగ్ రెండు వైపులా రివెట్ల దాకా తినేసి ఉంది, చుక్క నూనె లేదు. ఆయనకు డబ్బు కట్టేసి రమ్మని చెప్పాను. అలాంటి కేసును వారంటీ అంటూ లాగితే, నిజంగా లోపం ఉన్న తర్వాతి కస్టమరు మాట కూడా ఎవరూ వినరు.

ఈ టీచరు గారి కేసు ఈమెయిళ్ళతోనే ముగిసింది. ముగియకపోతే ఏం చేయాలో కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. మొదట నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటో పనిచేసే చోటో ఉన్న కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు. గడువు రెండేళ్ళు. ఫీజు లెక్క రిపేరు ఖర్చు మీద ఉండదు, వస్తువుకు చెల్లించిన ధర మీద ఉంటుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల మధ్య 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల మధ్య 400. పరీక్ష చేయకుండా లోపం తేల్చలేని వస్తువును తగిన ల్యాబుకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. పంపడానికి వస్తువు ఉండాలి కదా. పాత ప్లేటూ సీలూ పారేయొద్దని మొదటి ఈమెయిల్‌లోనే అడగడం వెనక ఈ ఆలోచన కూడా ఉంది. కొత్త కారే ఇవ్వాలని మాత్రం అడగొద్దని చెప్పాను. వారంటీ షరతు ప్రకారం కంపెనీ బాధ్యత లోపం ఉన్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేనని మారుతి ఉద్యోగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. క్లచ్ కోసం వెళ్ళి కారు అడిగితే న్యాయమైన క్లచ్ కూడా ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది.

తర్వాతి సర్వీసుకు ముందు ఆవిడ బండిని మళ్ళీ మా లిఫ్టు మీద చూశాం. బెల్ హౌసింగ్ అడుగున రంధ్రం పొడిగా ఉంది, వణుకు లేదు. కొత్తగా వేసిన భాగాలకు విడిగా కొత్త వారంటీ మొదలవదు, బండికి మిగిలిన వారంటీయే వాటికీ వర్తిస్తుందని పుస్తకంలో ఉంది. అందుకని ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుందామా అని ఆవిడ అడిగారు. బ్రోచర్ చూసి డబ్బు కట్టొద్దన్నాను. షరతుల కాగితం మొత్తం తెప్పించుకుని, అందులో ఆయిల్ సీళ్ళు ఉన్నాయా, ఒక భాగం లోపం వల్ల పక్క భాగం పాడైతే దానికీ వర్తిస్తుందా, ఈ రెండూ చూసి నిర్ణయించుకోమన్నాను. ఆ కాగితం కోసం డీలరుకు ఆవిడ మెయిల్ పెట్టారు.